హైదరాబాదు నగరపాలక సంస్థ ఎన్నికలు

హైదరాబాదు నగరపాలక సంస్థ ఎన్నికలు అనగా హైదరాబాదు నగర పాలక మండలికి సభ్యులను ఎన్నుకొనుటకు వార్డులవారీగా జరిగే ఎన్నికలు. ఈ సభ్యులను కార్పొరేటర్లు అని పిలుస్తారు. ఒక్కొక్క వార్డు నుండి ఒక్కొక్క కార్పొరేటరు ఎన్నికవుతారు. కార్పొరేటర్లు, పదవిరీత్యా సభ్యులు కలిసి మేయరును, ఉపమేయరును ఎన్నుకొంటారు. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ (గ్రేటర్ హైదరాబాదు) ఏర్పడిన తరువాత 2009, 2016, 2020 సంవత్సరాలలో మండలికి సాధారణ ఎన్నికలు జరిగినవి.

పౌరునికి అతి దగ్గరగా ఉండే ప్రజాప్రతినిధి కార్పొరేటరే. వీధి దీపం వెలగకపోయినా, చెత్త బండి రాకపోయినా, వానకు వీధిలో నీరు నిలిచినా జనం మొదట వెళ్ళేది ఆయన ఇంటికే. అయినప్పటికీ ఈ ఎన్నికలలో సగానికి పైగా ఓటర్లు ఓటు వేయుటకు రాలేదు. నగరానికి ఎన్నికైన మండలి అసలే లేకుండా గడిచిన సంవత్సరాలు కూడా ఎక్కువే. వార్డు ఓటు ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది తెలియాలంటే ఈ ఎన్నికల చట్టాన్ని, చరిత్రను కలిపి చూడవలసి ఉంటుంది.

చరిత్ర

నిజాం పాలనలో, మొదటి సాలార్ జంగ్ ప్రధానిగా ఉన్న కాలంలో, 1869లో హైదరాబాదులో పురపాలన మొదలయినది. 1933లో నగరానికి కార్పొరేషను హోదా లభించినది. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత 1951లో ఎన్నికలు జరిగి, ఆంధ్రోద్యమ నాయకుడు మాడపాటి హనుమంతరావు నగరానికి మేయరయినాడు. అప్పట్లో సికింద్రాబాదుకు వేరే కార్పొరేషను ఉండేది. 1960లో రెండింటినీ కలిపి హైదరాబాదు నగరపాలక సంస్థగా చేసినారు. 1962లో రాణి కుముదినీ దేవి మేయరు పదవి చేపట్టి ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ అయినది.

1986లో ఎన్నికైన మండలి గడువు 1991లో ముగిసిన తరువాత 2002 వరకు, అంటే దాదాపు 11 సంవత్సరాలు, నగరానికి ఎన్నికైన మండలి లేదు. ఆ కాలంలో ప్రభుత్వం నియమించిన అధికారులే మండలి అధికారాలను కూడా నిర్వహించినారు. 2002 ఎన్నికలలో నగర ఓటర్లు కార్పొరేటరుకు ఒక ఓటు, మేయరుకు మరొక ఓటు వేసినారు. ఆ ప్రత్యక్ష ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి మేయరుగా గెలుపొందినాడు. తరువాత చట్టాన్ని సవరించి, మేయరును మండలి సభ్యులే ఎన్నుకొనే పరోక్ష పద్ధతిని తిరిగి తెచ్చినారు.

2007 ఏప్రిల్ 16న పాత నగరపాలక సంస్థలో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయితీలను విలీనం చేసి మహానగర పాలక సంస్థను ఏర్పాటు చేసినారు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు ఆ పురపాలక సంఘాలు. కొత్త సంస్థను 150 వార్డులుగా విభజించినారు.

రాజ్యాంగం, చట్టం

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించినది. దీని ప్రకారం మండలి కాలపరిమితి అయిదేళ్ళు. ఆ గడువు ముగియక ముందే తరువాతి ఎన్నికలు పూర్తి కావలెను. మండలిని మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలలలోగా ఎన్నికలు జరపవలెను. ఓటర్ల జాబితా తయారీ, ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘం బాధ్యత. ఇది శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు జరిపే భారత ఎన్నికల సంఘానికి భిన్నమైనది. గడువులోగా ఎన్నికలు జరపడం రాజ్యాంగ విధి అని, మామూలు కారణాలు చూపి వాయిదా వేయరాదని సుప్రీం కోర్టు 2006లో అహ్మదాబాదు నగరపాలక సంస్థ కేసులో స్పష్టం చేసినది.

హైదరాబాదు ఎన్నికలకు 1955 నాటి హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టం ఆధారం. దానిని అనేకసార్లు సవరించినారు.

అభ్యర్థుల అర్హతలు

కార్పొరేటరుగా పోటీ చేయదలచిన వ్యక్తికి 21 ఏళ్ళు నిండి ఉండవలెను. నగరపాలక సంస్థ పరిధిలో ఏదో ఒక వార్డులో ఓటరై ఉంటే చాలును. పోటీ చేసే వార్డులోనే ఓటు ఉండనవసరం లేదు. నామినేషనును ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ వార్డు ఓటరై ఉండవలెను. 2020 ఎన్నికల నాటికి ఇద్దరికి మించి సంతానం గలవారు పోటీకి అనర్హులనే నిబంధన అమలులో ఉన్నది.

2020లో జనరల్ అభ్యర్థులకు ధరావతు రూ.5,000, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికి రూ.2,500. ఒక్కొక్క అభ్యర్థి ఎన్నికల ఖర్చు రూ.5 లక్షలు మించరాదని పరిమితి విధించినారు.

వార్డు ఓటర్ల జాబితాను శాసనసభ నియోజకవర్గ జాబితా నుండి తయారు చేస్తారు. కనుక శాసనసభ జాబితాలో పాత చిరునామాతో పేరు ఉన్న ఓటరు, ఇల్లు మారినప్పటికీ, వార్డు ఎన్నికలలో పాత వార్డులోనే ఓటరుగా కనిపిస్తాడు. అద్దె ఇండ్లు ఎక్కువగా ఉన్న ఇటువంటి నగరంలో ఈ విషయం ముఖ్యమైనది. ఎన్నికల ప్రకటన రాకముందే చిరునామా సరిచేయించుకొనడం ఓటరు పని.

రిజర్వేషన్లు

ఏ వార్డు ఎవరికి రిజర్వు అయినది అనేది తేలిన తరువాతనే ఆ వార్డులో పోటీ రూపు తెలుస్తుంది. ఏళ్ళ తరబడి వార్డులో పనిచేసిన నాయకుడు రిజర్వేషను మారినప్పుడు పక్క వార్డు వెదుక్కొంటాడు, లేదా కుటుంబంలోని మహిళను నిలబెడతాడు. 2016, 2020 ఎన్నికలలో 150 వార్డుల కేటాయింపు ఈ విధంగా ఉన్నది.

* షెడ్యూల్డు తెగలు - 2 (అందులో మహిళలకు 1)
* షెడ్యూల్డు కులాలు - 10 (అందులో మహిళలకు 5)
* వెనుకబడిన తరగతులు - 50 (అందులో మహిళలకు 25)
* జనరల్ మహిళలు - 44
* జనరల్ - 44

ఈ లెక్కన 150 వార్డులలో 75, అంటే సరిగ్గా సగం, మహిళలకు దక్కినవి. మహిళలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు ఇవ్వవలెనని రాజ్యాంగం చెప్పగా, ఇక్కడ అంతకు మించి సగం కేటాయించినారు. మేయరు పదవికి కూడా రిజర్వేషను ఉంటుంది. 2020 ఎన్నికలలో అది జనరల్ మహిళకు కేటాయించబడినది.

2009 ఎన్నికలు

మహానగర పాలక సంస్థకు తొలి ఎన్నికలు 2009 నవంబరు 23న జరిగినవి. తెలంగాణ రాష్ట్ర సమితి ఈ ఎన్నికలలో పోటీ చేయలేదు. కాంగ్రెసు 52, తెలుగుదేశం 45, మజ్లిస్ 43, భారతీయ జనతా పార్టీ 5 వార్డులు గెలుచుకొన్నవి. మిగిలిన అయిదు వార్డులు చిన్న పార్టీలకు, స్వతంత్రులకు దక్కినవి. ఏ పార్టీకీ ఆధిక్యత రానందున కాంగ్రెసు, మజ్లిస్ పార్టీలు మేయరు పదవిని పంచుకొనుటకు ఒప్పందం చేసుకొన్నవి. కాంగ్రెసుకు చెందిన బండ కార్తీకరెడ్డి మొదట మేయరు కాగా, 2012 జనవరిలో మజ్లిస్‌కు చెందిన మాజిద్ హుస్సేన్ ఆ పదవి చేపట్టినాడు. పోలింగు 42 శాతం ప్రాంతంలో నమోదయినది.

2016 ఎన్నికలు

2009లో ఎన్నికైన మండలి గడువు 2014 డిసెంబరులో ముగిసినది. అప్పటికి ఆరు నెలల క్రితమే తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. తరువాతి ఎన్నికలు 2016 ఫిబ్రవరి 2న గాని జరగలేదు. అనగా ఏడాదికి పైగా నగరం మళ్ళీ అధికారుల పాలనలో ఉన్నది.

ఈ ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర సమితి 99 వార్డులు గెలిచి సొంత బలంతో మండలిని కైవసం చేసుకొన్నది. మజ్లిస్ 44, భారతీయ జనతా పార్టీ 4, కాంగ్రెసు 2, తెలుగుదేశం 1 వార్డు పొందినవి. 2009లో 52 వార్డులు గెలిచిన కాంగ్రెసు రెండింటికి, 45 గెలిచిన తెలుగుదేశం ఒకదానికి పడిపోగా, మజ్లిస్ బలం దాదాపు మారలేదు. బొంతు రామ్మోహన్ మేయరుగా ఎన్నికయినాడు. పోలింగు 45.29 శాతం.

2020 ఎన్నికలు

2016 మండలి గడువు 2021 ఫిబ్రవరి 10 వరకు ఉండగా, ఈసారి ఎన్నికలు రెండు నెలలు ముందుగానే జరిగినవి. 2020 నవంబరు 17న ప్రకటన వెలువడినది. నామినేషన్లకు 18 నుండి 20 వరకు మూడు రోజులే గడువు ఇచ్చినారు. 22న ఉపసంహరణ ముగిసినది. 29 సాయంత్రం ప్రచారం ఆగినది. డిసెంబరు 1న పోలింగు, 4న లెక్కింపు జరిగినవి. అభ్యర్థుల తుది జాబితా తేలిన తరువాత ఓటర్లను కలుసుకొనుటకు దొరికినది వారం రోజులు మాత్రమే. పెద్ద పార్టీ గుర్తు లేని అభ్యర్థికి ఇంత తక్కువ సమయంలో పేరు ఇంటింటికీ చేర్చడం కష్టసాధ్యం.

మొత్తం 1,122 మంది పోటీలో నిలిచినారు. వారి వివరాలు:

* తెలంగాణ రాష్ట్ర సమితి - 150
* భారతీయ జనతా పార్టీ - 149
* కాంగ్రెసు - 146
* తెలుగుదేశం - 106
* మజ్లిస్ - 51
* సి.పి.ఐ. - 17
* సి.పి.ఎం. - 12
* ఇతర నమోదిత పార్టీలు - 76
* స్వతంత్రులు - 415

పోటీదారులలో అన్నిటికంటె పెద్ద వర్గం స్వతంత్రులే అయినా, వారిలో ఒక్కరు కూడా గెలవలేదు. మజ్లిస్ 51 వార్డులలో మాత్రమే పోటీ చేసి 44 గెలుచుకొన్నది. తెలంగాణ రాష్ట్ర సమితి 56, భారతీయ జనతా పార్టీ 48, కాంగ్రెసు 2 వార్డులు గెలుచుకొన్నవి. మొదటి రెండు పార్టీల ఓట్ల శాతాల మధ్య తేడా అర శాతం కూడా లేదు. రెండింటికీ సుమారు 36 శాతం చొప్పున ఓట్లు వచ్చినవి. పోలింగు 46.55 శాతం. ఈ రెండు అంకెలను కలిపి చూస్తే, అన్నిటికంటె ఎక్కువ వార్డులు గెలిచిన పార్టీకి ఓటు వేసినవారు నగరంలోని మొత్తం ఓటర్లలో ఆరింట ఒక వంతు మాత్రమే.

ప్రచారాంశాలు

2020 అక్టోబరు నడుమ కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు ముంపునకు గురయినవి. బాధిత కుటుంబాలకు ప్రభుత్వం రూ.10,000 చొప్పున ఇస్తున్న సాయాన్ని ఎన్నికల నియమావళి కారణంగా నవంబరు 18న ఎన్నికల సంఘం నిలిపివేయించినది. భారతీయ జనతా పార్టీ తాము గెలిస్తే రూ.25,000 ఇస్తామని ప్రకటించినది. తెలంగాణ రాష్ట్ర సమితి ఇంటికి నెలకు 20,000 లీటర్ల వరకు మంచినీరు ఉచితమని ప్రకటించినది. జాతీయ నాయకులు సైతం వచ్చి ప్రచారం చేయడంతో వార్డు ఎన్నికలు రాష్ట్ర రాజకీయాలకు బలపరీక్షగా మారినవి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నగరంలో మంచినీరు, మురుగునీటి వ్యవస్థ 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నవి. అది రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేసే వేరే సంస్థ. ముంపు సాయం ఇవ్వడం, ఇవ్వకపోవడం కూడా ప్రభుత్వ నిర్ణయమే. అనగా ప్రచారంలో ముందు నిలిచిన హామీలు కార్పొరేటర్ల తీర్మానంతో తీరేవి కావు.

పోలింగు, లెక్కింపు వివాదాలు

కోవిడ్ వ్యాప్తి నేపథ్యంలో 2020లో ఓటింగు యంత్రాలకు బదులు బ్యాలెట్ పత్రాలు వాడినారు. దీనివలన రెండు వివాదాలు తలెత్తినవి.

మొదటిది ఓల్డ్ మలక్‌పేట వార్డుకు సంబంధించినది. అక్కడి బ్యాలెట్ పత్రంలో సి.పి.ఐ. అభ్యర్థి పేరు ఎదుట సి.పి.ఎం. గుర్తు ముద్రించబడినది. పోలింగు రద్దు చేసి డిసెంబరు 3న తిరిగి నిర్వహించినారు.

రెండవది ఓటు ముద్రకు సంబంధించినది. ఓటరు స్వస్తిక్ ముద్రతో ఓటు వేయవలెను. కొన్ని కేంద్రాలలో పోలింగు సిబ్బంది వేరే ముద్రను ఓటర్లకు ఇచ్చినట్లు తేలినది. అటువంటి ఓట్లను కూడా లెక్కించవచ్చునని లెక్కింపుకు ముందు రోజు రాత్రి ఎన్నికల సంఘం ఉత్తర్వు జారీ చేయగా, హైకోర్టు దానిని నిలిపివేసినది. నేరేడ్‌మెట్ వార్డులో ఆధిక్యం కంటే వేరే ముద్ర గల ఓట్లే ఎక్కువ కావడంతో ఫలితం ఆగిపోయినది. కోర్టు తీర్పు అనంతరం డిసెంబరు 9న లెక్కింపు ముగిసి, తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి గెలిచినట్లు ప్రకటించినారు. వార్డు ఎన్నికలో కొన్ని వందల ఓట్లకు ఎంత విలువ ఉంటుందో ఈ ఉదంతం తెలుపుతున్నది.

మేయరు ఎన్నిక, పదవిరీత్యా సభ్యులు

150 వార్డుల మండలిలో 76 వార్డులు గెలిచిన పార్టీకే మేయరు పదవి దక్కుతుందని అనుకొనడం సహజం. కాని చట్టం ప్రకారం నగర పరిధిలోని లోక్‌సభ, శాసనసభ సభ్యులు, ఇక్కడ నమోదు చేసుకొన్న రాజ్యసభ, శాసనమండలి సభ్యులు కూడా మండలిలో పదవిరీత్యా సభ్యులుగా ఉండి మేయరు ఎన్నికలో ఓటు వేస్తారు. వీరిని వార్డు ఓటర్లు ఆ ఎన్నికలో ఎన్నుకొనలేదు.

2021 ఫిబ్రవరి 11న జరిగిన మేయరు ఎన్నికలో ఓటర్ల సంఖ్య 193. వారిలో 149 మంది కార్పొరేటర్లు, 44 మంది పదవిరీత్యా సభ్యులు. లింగోజిగూడ వార్డులో గెలిచిన భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ప్రమాణ స్వీకారానికి ముందే మరణించడంతో ఒక స్థానం ఖాళీగా ఉన్నది. పార్టీలవారీగా బలాబలాలు:

* తెలంగాణ రాష్ట్ర సమితి - 56 కార్పొరేటర్లు, 32 పదవిరీత్యా సభ్యులు, మొత్తం 88
* మజ్లిస్ - 44 కార్పొరేటర్లు, 10 పదవిరీత్యా సభ్యులు, మొత్తం 54
* భారతీయ జనతా పార్టీ - 47 కార్పొరేటర్లు, 2 పదవిరీత్యా సభ్యులు, మొత్తం 49
* కాంగ్రెసు - 2 కార్పొరేటర్లు, మొత్తం 2

కార్పొరేటర్ల లెక్కలో తొమ్మిది మంది తేడాతో ఉన్న మొదటి, మూడవ పార్టీల మధ్య దూరం పదవిరీత్యా సభ్యులను కలిపిన తరువాత 39కి పెరిగినది. మజ్లిస్ మద్దతుతో తెలంగాణ రాష్ట్ర సమితికి చెందిన గద్వాల విజయలక్ష్మి మేయరుగా, మోతె శ్రీలత ఉపమేయరుగా ఎన్నికయినారు. ఓటింగు చేతులెత్తే పద్ధతిలో జరిగినది. తరువాత 2021 ఏప్రిల్ 30న లింగోజిగూడకు జరిగిన ఉప ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి గెలుపొందినాడు.

తెలంగాణ రాష్ట్ర సమితి 2022లో భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొన్నది. 2023 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత 2024 తొలి నెలలలో ఉపమేయరు, ఆపై మేయరు కాంగ్రెసులో చేరినారు. వార్డులలో తిరిగి ఎన్నికలు జరగకుండానే, 2020లో రెండు వార్డులు మాత్రమే గెలిచిన పార్టీకి ఆ విధంగా మేయరు పదవి చేరినది.

కార్పొరేటరు అధికారాలు, పరిమితులు

నగరపాలక సంస్థలో పాలనాధికారం రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనరు చేతిలో ఉంటుంది. మండలి బడ్జెటును ఆమోదిస్తుంది, తీర్మానాలు చేస్తుంది, అధికారులను ప్రశ్నిస్తుంది. కార్పొరేటర్లు తమలోనుండి 15 మందిని స్థాయీ సంఘానికి ఎన్నుకొంటారు. పెద్ద పనుల మంజూరుకు ఈ సంఘం ఆమోదం కావలెను.

లోపలి రోడ్లు, వాననీటి కాలువలు, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు, శ్మశాన వాటికలు, దోమల నివారణ నగరపాలక సంస్థ చూసే పనులు. మంచినీరు, మురుగునీరు జలమండలివి. పెద్ద ప్రణాళికలు, శివార్లలో భూవినియోగం 2008లో ఏర్పడిన మహానగర అభివృద్ధి సంస్థవి. విద్యుత్తు, పోలీసు, రవాణా కూడా మండలి పరిధిలో లేవు. అభ్యర్థి ఇచ్చే హామీ మొదటి జాబితాలోనిదా, మిగతా సంస్థలకు చెందినదా అని చూసుకొంటే, ఆ హామీకి ఎంత విలువ ఇవ్వవచ్చునో ఓటరు స్వయంగా తేల్చుకొనవచ్చును.

అదే సమయంలో కార్పొరేటరును అలంకారప్రాయమని భావించడం కూడా సరికాదు. ఏ వీధి కాలువకు ముందు నిధులు రావలెను, ఏ రోడ్డు ఈ ఏడాది వేయవలెను అనే నిర్ణయాలలో వార్డు తరఫున మాట్లాడే అధికారం ఆయనకే ఉన్నది. కార్పొరేటరు లేని కాలంలో ఆ నిర్ణయాలు ఆగవు. వార్డు మాట వినకుండా అధికారుల స్థాయిలో జరిగిపోతాయి. 1991 నుండి 2002 వరకు జరిగినది అదే.

నగర విస్తరణ

2025 డిసెంబరులో ప్రభుత్వం నగరం చుట్టూ ఉన్న 20 పురపాలక సంఘాలను, 7 నగరపాలక సంస్థలను మహానగర పాలక సంస్థలో విలీనం చేసినది. దీనితో వార్డుల సంఖ్యను 150 నుండి 300కు పెంచినారు. విలీనమయిన పట్టణాలలో అంతవరకు చిన్న చిన్న వార్డులకు ప్రతినిధులు ఉండేవారు. విలీనంతో అటువంటి వార్డులు అనేకం కలిసి ఒకే పెద్ద వార్డు అయినవి.

2020లో ఎన్నికైన మండలికి రాజ్యాంగం ఇచ్చిన గడువు 2026 ఫిబ్రవరి 10 వరకే. వార్డుల హద్దులు మార్చడం, రిజర్వేషన్లు తేల్చడం, ఓటర్ల జాబితాలు విభజించడం ఎన్నికలకు ముందు తప్పనిసరిగా జరగవలసిన పనులు. ఈ పనులు ఆలస్యమయిన ప్రతిసారి ఎన్నికలు కూడా ఆలస్యమవుతాయి, వాటితోపాటు వార్డుకు ప్రతినిధి లేని కాలం పెరుగుతుంది. అందుచేతనే మండలి గడువు ముగియక ముందే ఎన్నికలు పూర్తి కావలెనన్న నియమాన్ని చట్టానికి వదలిపెట్టకుండా రాజ్యాంగంలోనే చేర్చినారు.